పరిశోధన పన్ను క్రెడిట్: పని ఎక్కడ జరిగింది, నష్టం ఎవరిది?

సంపాదకులకు నమస్కారం.

అమెరికా రాష్ట్రాలు పరిశోధన చేసే వ్యాపారాలకు ఇచ్చే పన్ను క్రెడిట్ల (పన్నులో తగ్గింపుల) మీద మీ ప్రవాస పేజీలో ఇటీవల ఒక వ్యాసం వచ్చింది. ఈ సంగతి తెలుగులో రాయాలని తలచినందుకు ముందుగా ధన్యవాదాలు. అయితే ఆ వ్యాసం చదివినవారికి సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉన్న ప్రతి తెలుగువాడికీ ఈ డబ్బు హక్కుగా వస్తుందన్న అభిప్రాయం కలుగుతుంది. ఆ నమ్మకంతో దరఖాస్తు చేసేవాళ్లు తరువాత వడ్డీతో, జరిమానాతో తిరిగి కట్టవలసి రావచ్చు. మరోవైపు, నిజంగా అర్హత ఉండి ఇది తమకు సంబంధించినదే కాదనుకుని వదులుకుంటున్నవాళ్లు నాకు చాలామంది తెలుసు. ఈ ఇద్దరి కోసమూ ఈ ఉత్తరం రాస్తున్నాను.

మాది తెనాలి. రసాయనశాస్త్రంలో ఎం.ఎస్సీ. చేసి ఈ దేశం వచ్చాను. పెన్సిల్వేనియాలోని మాంట్‌గోమరీ కౌంటీలో చర్మానికి పూసే క్రీములు, ఆయింట్‌మెంట్ల ఫార్ములేషన్లు రూపొందించే చిన్న ప్రయోగశాల నడుపుతున్నాను. పెన్సిల్వేనియా రాష్ట్ర క్రెడిట్‌కు ఏటా దరఖాస్తు చేస్తాం. కాగితాలు మా అకౌంటెంటు దాఖలు చేస్తారు గానీ, వాటిలోకి ఎక్కే ప్రతి గంటకూ ప్రతి సీసాకూ లెక్క చెప్పవలసింది నేనే. అందువల్ల ఈ చట్టాన్ని పన్నుల నిపుణురాలిగా కాక ప్రయోగశాల బల్ల దగ్గరినుంచి చూసిన మనిషిగా చెబుతాను.

ఇక్కడ రెండు వేర్వేరు చట్టాలున్నాయి. ఫెడరల్ ప్రభుత్వం పరిశోధన క్రెడిట్‌ను 1981లో తెచ్చింది. ఎన్నోసార్లు గడువు పొడిగిస్తూ వచ్చి, చివరికి 2015లో శాశ్వతం చేసింది. 1981 తరువాత రాష్ట్రాలు తమ సొంత క్రెడిట్లు పెట్టడం మొదలుపెట్టాయి. ఆ వరసలో మొదటిది మిన్నెసోటా. మా పెన్సిల్వేనియా 1997లో చేరింది. రాష్ట్రానికి కట్టే కార్పొరేట్ ఆదాయపు పన్ను వేరు, దాని రేటు వేరు, రాష్ట్రం ఇచ్చే క్రెడిట్ కూడా వేరు. ఫెడరల్ క్రెడిట్ తీసుకుంటున్నవాళ్లకు రాష్ట్రానిది దానంతట అదే రాదు. కొన్ని రాష్ట్రాల్లో విడిగా దరఖాస్తు పెట్టాలి, దాని గడువు కూడా పన్ను రిటర్ను గడువుతో కలవదు. ఖర్చును ఆదాయంలోంచి తీసేస్తే తగ్గే పన్ను కొంతే. క్రెడిట్ మాత్రం కట్టవలసిన పన్నులోంచే నేరుగా తగ్గుతుంది. అందుకే దీని మీద ఇంత ఆశ, ఇంత తనిఖీ.

పరిశోధన అంటే ఏమిటన్న దానికి దాదాపు అన్ని రాష్ట్రాలూ ఫెడరల్ చట్టం 41వ సెక్షన్ నిర్వచనాన్నే పట్టుకుంటాయి. మా పనిలోంచే ఉదాహరణ చెబుతాను. ఒక క్రీములో నూనె భాగం, నీటి భాగం కలిసి ఉండాలి. కలిపిన రోజు బాగానే ఉంటుంది. 40 డిగ్రీల సెల్సియస్ వేడిలో, 75 శాతం తేమలో నెలల తరబడి ఉంచి చూస్తే కొన్ని విడిపోతాయి, కొన్నింటిలో మందు స్ఫటికాలుగా గట్టిపడుతుంది. ఎమల్సిఫైయర్ (నూనె, నీరు విడిపోకుండా పట్టి ఉంచే పదార్థం) పాళ్లు మార్చాలా, కలిపే ఉష్ణోగ్రత తగ్గించాలా, హోమోజినైజర్ అనే కలిపే యంత్రం వేగం పెంచాలా అన్నది ముందే ఎవరికీ తెలియదు. ఒక్కొక్కటి మార్చి చేసి, కొలిచి, ఫలితం రాసుకుని, మళ్లీ చేస్తాం. చట్టం అడిగే నాలుగు షరతులూ ఇందులోనే ఉన్నాయి. ఉత్పత్తి పనితీరునో నాణ్యతనో మెరుగుపరచాలన్న ఉద్దేశం ఉంది. ఆధారం రసాయనశాస్త్రం. ఎలా సాధించాలో మొదట్లో తెలియని అనిశ్చితి ఉంది. దాన్ని తొలగించడానికి ప్రత్యామ్నాయాలను పరీక్షించిన క్రమం ఉంది. విడిపోయిన క్రీము మీద పెట్టిన ఖర్చు కూడా లెక్కలోకి వస్తుంది, ఎందుకంటే చట్టం ప్రయోగం ఫలించిందా అని అడగదు. అదే క్రీము వాణిజ్య ఉత్పత్తిలోకి వెళ్లాక ప్రతి బ్యాచికీ చేసే మామూలు నాణ్యత పరీక్షలు మాత్రం పనికిరావు. ట్యూబు రంగు మార్చడం, మార్కెట్ సర్వేలు చేయించడం అసలే పనికిరావు.

ఏ ఖర్చులు చేరతాయన్నదీ చాలామందికి తెలియదు. ప్రయోగం చేసే మనిషి జీతం, దగ్గరుండి పర్యవేక్షించే మనిషి జీతం, ఆ పనికి నేరుగా సాయపడే మనిషి జీతం చేరతాయి. ప్రయోగంలో వాడిన గాజు పరికరాలు కడిగే సహాయకురాలి గంటలకు కూడా అర్హత ఉంది. భవనం మొత్తం ఊడ్చే మనిషి గంటలకు లేదు. ద్రావకాలు, రసాయనాల వంటి వాడి పారేసే సరుకులు చేరతాయి, మిశ్రమంలోని పదార్థాలను విడదీసి కొలిచే హెచ్.పి.ఎల్.సి. యంత్రం ధర చేరదు. అద్దె చేరదు. బయటి సంస్థతో పరీక్ష చేయిస్తే కట్టిన దానిలో మామూలుగా 65 శాతమే లెక్కలోకి తీసుకుంటారు.

మీ వ్యాసం ఎక్కువ పొరపాటు పడింది కాంట్రాక్టు పని విషయంలో. అమెరికాలో తెలుగువారి చిన్న సంస్థల్లో కన్సల్టింగ్ సంస్థలు చాలా ఉన్నాయి. మన పిల్లలు క్లయింటు ఆఫీసుకు వెళ్లి గంటల లెక్కన పనిచేస్తారు, నెలాఖరుకు ఇన్వాయిసు వెళుతుంది. వాళ్లు రాసే కోడ్ ఎంత కొత్తదైనా, ఎంత కష్టమైనదైనా, ఆ పని క్లయింటు డబ్బుతో జరిగిన పరిశోధన. ప్రయత్నం విఫలమైనా గంటలకు డబ్బు వస్తుంది కాబట్టి నష్టభయం కన్సల్టింగ్ సంస్థది కాదు. తయారైన దానిమీద హక్కులన్నీ క్లయింటువే అయితే అర్హత అక్కడితో పోయినట్టే. క్రెడిట్ అడిగే అవకాశం ఏదైనా ఉంటే అది క్లయింటుకే. అదే సంస్థ ఒక ధర ఒప్పుకుని, చెప్పిన విధంగా పనిచేస్తేనే డబ్బు వచ్చేలా, తయారైన పరిజ్ఞానాన్ని తానూ వాడుకునే హక్కు మిగిలేలా రాసుకుంటే సంగతి మారుతుంది. తేడా కోడ్‌లో లేదు, ఒప్పందంలో ఉంది. మా దగ్గర కూడా ప్రతి ప్రాజెక్టుకూ ఒప్పందాన్ని ముందు ఈ కంటితోనే చదువుతాం. పని విఫలమైతే డబ్బు ఎవరు పోగొట్టుకుంటారు? ఫలితం ఎవరిది? ఈ రెండూ తేలాకే ఆ ప్రాజెక్టు గంటలు క్రెడిట్ లెక్కలోకి తీసుకోవాలా వద్దా అని నిర్ణయిస్తాం. క్లయింటు గంటలకు డబ్బిచ్చిన ప్రాజెక్టులను పక్కన పెడతాం.

తరువాతది హైదరాబాద్ ప్రశ్న. దీన్ని నన్ను అడిగినంతగా మరేదీ ఎవరూ అడగలేదు. ఇక్కడ రిజిస్టరైన కంపెనీ, ఇక్కడి యజమాని, ఇక్కడి ఖాతాలోంచి జీతాలు, కానీ ఉత్పత్తి తయారుచేసే బృందం మాదాపూర్‌లో కూర్చుంటుంది. ఆ జీతాలకు ఫెడరల్ క్రెడిట్ రాదు, ఏ రాష్ట్ర క్రెడిట్టూ రాదు. ఫెడరల్ చట్టం అమెరికా గడ్డ మీద జరిగిన పనినే చూస్తుంది. రాష్ట్రం తన సరిహద్దుల లోపల జరిగిన పనినే చూస్తుంది. అంతేకాదు, విదేశంలో చేయించిన పరిశోధన ఖర్చును 2022 నుంచి ఒకే ఏడాది ఆదాయంలోంచి తీసేయకుండా 15 ఏళ్లకు పరచి చూపించవలసి వస్తోంది. 2025 జులై 4న సంతకమైన చట్టం దేశంలో జరిగిన పరిశోధన ఖర్చును మళ్లీ అదే ఏడాది తీసేసుకునే వీలు కల్పించింది, విదేశీ ఖర్చుకు మాత్రం 15 ఏళ్ల నిబంధనను అలాగే ఉంచింది. హైదరాబాద్‌లో బృందం ఉంచుకోవద్దని నేను అనను. అక్కడి ఇంజనీర్ల పనితనం నాకు తెలుసు. కానీ రెండు చోట్లా నడిచే ప్రాజెక్టులో ఎవరు ఎక్కడ కూర్చుని ఏ పని చేశారో విడదీసి రాసుకోకపోతే ఇక్కడి వాళ్ల గంటలు కూడా తనిఖీలో నిలబడవు.

ఇదే సూత్రం పొరుగు రాష్ట్రానికీ వర్తిస్తుంది. మా ప్రాంతంలో డెలావేర్ నది దాటితే న్యూజెర్సీ. కోవిడ్ తరువాత ఇంటి నుంచి పని చేయడం మామూలైంది. న్యూజెర్సీలోని తన ఇంట్లో కూర్చుని ఫిలడెల్ఫియా కంపెనీ కోసం ఉద్యోగి పరిశోధన చేస్తే, ఆ గంటలు పెన్సిల్వేనియాలో జరిగిన పని కిందికి రావు. జీతం పత్రంలో కంపెనీ చిరునామా పెన్సిల్వేనియాది అయినంత మాత్రాన సరిపోదు.

పెన్సిల్వేనియా పద్ధతి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇది తెలిస్తే మిగతా రాష్ట్రాల్లో ఏమి వెతకాలో తెలుస్తుంది. ఖర్చు మొత్తం మీద క్రెడిట్ ఇవ్వరు, పెరిగిన ఖర్చు మీద ఇస్తారు. గత నాలుగేళ్ల సగటు ఖర్చును ఆధారంగా తీసుకుంటారు. అన్నేళ్లు లేకపోతే ఉన్నన్ని ఏళ్ల సగటు. అయితే ఆ ఆధారం ఈ ఏడాది ఖర్చులో సగానికి తగ్గకూడదు. ఆధారాన్ని మించిన దానిలో 10 శాతం, చిన్న సంస్థకైతే 20 శాతం. చిన్న సంస్థ అంటే ఇక్కడ ఆస్తుల పుస్తక విలువ (ఖాతా పుస్తకాల్లో చూపిన విలువ) 50 లక్షల డాలర్ల లోపు ఉన్నది. ఉదాహరణకు ఒక చిన్న సంస్థ ఈ ఏడాది రాష్ట్రంలో 4 లక్షల డాలర్లు పరిశోధనకు ఖర్చు చేసింది, వెనుకటి సగటు 2 లక్షల 60 వేలు అనుకుందాం. పెరిగింది 1 లక్షా 40 వేలు, అందులో 20 శాతం 28 వేల డాలర్లు. నాలుగైదుగురు పనిచేసే ప్రయోగశాలకు ఇది చిన్న మొత్తం కాదు, ఒక టెక్నీషియన్ జీతంలో గణనీయమైన భాగం.

కానీ ఆ 28 వేలూ చేతికి వస్తాయన్న భరోసా లేదు. రాష్ట్రం మొత్తానికి ఏడాదికి 6 కోట్ల డాలర్ల పరిమితి ఉంది. అందులో 1 కోటీ 20 లక్షలు చిన్న సంస్థలకు విడిగా పెట్టారు. దరఖాస్తులు పరిమితిని మించితే అందరికీ అదే నిష్పత్తిలో కోత పడుతుంది. దరఖాస్తు డిసెంబరు 1 లోపు రాష్ట్ర రెవెన్యూ శాఖకు ఆన్‌లైన్‌లో పెట్టాలి, ఎంత ఇచ్చారన్నది తరువాతి మే 1 లోపు చెబుతారు. తొలి ఏడాదే అడగడానికి వీలులేదు. పోల్చి చూడటానికి అంతకు ముందు కనీసం ఒక ఏడాది పరిశోధన ఖర్చు ఉండాలి. కంపెనీ పెట్టిన మొదటి నెల నుంచే లెక్కలు రాయమని నేను కొత్తవాళ్లకు చెప్పేది అందుకే.

ఇంకా లాభాల్లోకి రాని సంస్థకు పన్నే లేదు కదా, క్రెడిట్ ఎందుకు అని అడుగుతారు. పెన్సిల్వేనియాలో దాన్ని 15 ఏళ్ల వరకు ముందుకు తీసుకుపోవచ్చు, లేదా రాష్ట్ర అనుమతితో వేరే కంపెనీకి అమ్ముకోవచ్చు. కొన్న కంపెనీ తన పన్నులో 75 శాతం వరకు దానితో తీర్చుకోవచ్చు. ముఖ విలువ కంటే కొంత తగ్గించి అమ్మవలసి వస్తుంది, మధ్యవర్తికి కొంత పోతుంది, మిగిలింది నగదు. మందు మార్కెట్‌లోకి రావడానికి ఏళ్లు పట్టే మా రంగంలో ఈ ఒక్క వెసులుబాటు ఎన్నో చిన్న ప్రయోగశాలలకు ఊపిరి. అయితే రాష్ట్రానికి ఏ రిటర్నూ బకాయి ఉండకూడదు.

మనవాళ్లు ఎక్కువగా ఉన్న ఇతర రాష్ట్రాల సంగతి క్లుప్తంగా చెబుతాను. న్యూజెర్సీ క్రెడిట్ కార్పొరేషన్ పన్నుకే వర్తిస్తుంది. దేశంలో 225 కంటే తక్కువ ఉద్యోగులున్న టెక్నాలజీ, బయోటెక్ కంపెనీలు పన్ను తగ్గించుకోవడానికి పనికొచ్చే తమ నష్టాలను, వాడుకోని పరిశోధన క్రెడిట్లను కనీసం 80 శాతం ధరకు అమ్ముకునే పథకం అక్కడి ఆర్థికాభివృద్ధి సంస్థ నడుపుతోంది, దానికి గడువు జూన్ 30. టెక్సస్‌లో వ్యక్తిగత ఆదాయపు పన్ను లేదు గానీ అక్కడ వ్యాపారం చేసినందుకు కంపెనీలు కట్టే ఫ్రాంచైజ్ పన్ను ఉంది. దాని మీద క్రెడిట్ రేటు 2026 నుంచి 5 శాతం నుంచి 8.722 శాతానికి పెరిగింది. జార్జియాలో మిగిలిన క్రెడిట్‌ను ఉద్యోగుల జీతాల నుంచి పట్టి రాష్ట్రానికి కట్టవలసిన పన్నుకు జమ చేసుకోవచ్చు. అరిజోనాలో 150 లోపు ఉద్యోగులున్న సంస్థలకు నగదు వాపసు ఉంది, కానీ ఏడాదికి 50 లక్షల డాలర్లే, ముందు వచ్చినవారికి ముందు. కాలిఫోర్నియా వాపసు ఇవ్వదు, ఎన్నేళ్లయినా ముందుకు తీసుకుపోనిస్తుంది. మిషిగన్ 2025 నుంచి కొత్తగా మొదలుపెట్టింది. 250 కంటే తక్కువ ఉద్యోగులుంటే పెరిగిన ఖర్చులో 15 శాతం. వర్జీనియాకు సెప్టెంబరు 1 లోపు దరఖాస్తు వెళ్లాలి. నార్త్ కరోలినాలో మాత్రం 2015తోనే ఈ క్రెడిట్ ముగిసింది. కేరీలో, మోరిస్‌విల్‌లో ఉన్న మనవాళ్లు రాష్ట్ర క్రెడిట్ పేరుతో ఎవరైనా ఫీజు అడిగితే ఈ ఒక్క ముక్క గుర్తుంచుకోవాలి.

ఫీజు అన్నాను కాబట్టి ఏజెంట్ల సంగతి చెప్పాలి. వచ్చిన క్రెడిట్‌లో ఇంత శాతం మాకు, రాకపోతే ఏమీ వద్దు అంటూ ఫోన్లు చేసేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. మన సంఘాల సభల్లోనూ కనిపిస్తున్నారు. వీళ్లలో నిజాయితీపరులు లేరని కాదు. కానీ అరగంట మాట్లాడి, మీ ఉద్యోగుల జీతాల్లో 80 శాతం పరిశోధనే అని చెప్పే మనిషి మీ పని చూడలేదు. తప్పుడు పరిశోధన క్రెడిట్ల గురించి ఫెడరల్ పన్ను శాఖ ఐ.ఆర్.ఎస్. బహిరంగంగా హెచ్చరించింది. 2022 నుంచి పాత రిటర్నుల మీద వాపసు అడిగితే ఏ ఉత్పత్తి కోసం, ఏ పరిశోధన చేశారో దరఖాస్తుతోనే చెప్పాలంటోంది. రాష్ట్రాలు ఫెడరల్ నిర్వచనాన్నే వాడుతున్నాయి కాబట్టి అక్కడ కూలినది ఇక్కడా కూలుతుంది. తిరిగి కట్టే రోజున ఆ ఏజెంటు మన పక్కన నిలబడడు, రిటర్ను మీద సంతకం మనదే.

లెక్కలు ఎలా ఉండాలో తెలుసుకోవాలంటే 2019లో అమెరికా టాక్స్ కోర్టు ఇచ్చిన సీమర్ మిల్లింగ్ తీర్పు చూడాలి. ఇలినాయ్‌లోని గోధుమపిండి మిల్లు అది. పిండిని వేడితో శుద్ధి చేయడం వంటి ప్రాజెక్టుల మీద క్రెడిట్ అడిగింది. పిండి మిల్లులో పరిశోధన జరగదని కోర్టు అనలేదు. ప్రయోగాలు ఒక క్రమంలో జరిగాయని చూపించే రాతలు చాలినంత లేవని మొత్తం క్రెడిట్‌ను కొట్టేసింది. పరీక్షలు చేశామని చెప్పడం సరిపోలేదు. ఏ ఊహతో మొదలుపెట్టారు, ఏది మార్చారు, ఏమి తేలింది అన్నది కాగితం మీద కనిపించలేదు.

మా దగ్గర ప్రయోగం చేసిన రోజునే నోట్‌బుక్‌లో తేదీ వేసి సంతకం పెడతారు. శుక్రవారం సాయంత్రం ఎవరు ఏ ప్రాజెక్టు మీద ఎన్ని గంటలు పనిచేశారో రాసి ఇస్తారు. విఫలమైన బ్యాచి ఫోటో, కొలతలు అదే పేజీకి అంటిస్తాం. మందుల రంగంలో పెరిగినవాళ్లకు ఇది అలవాటే. సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఇంకా తేలిక: కోడ్ మార్పుల చరిత్ర, పరీక్షల ఫలితాలు, ఒక పద్ధతి వదిలి మరొకటి ఎందుకు పట్టుకున్నారన్న చర్చ అన్నీ వాళ్ల వ్యవస్థల్లో తేదీలతో సహా ఉంటాయి. వాటిని గంటల లెక్కతో ముడిపెడితే చాలు. ఏడాది చివర కూర్చుని జ్ఞాపకం మీద రాసిన అంచనాలకు ఆ బలం ఉండదు.

మీ వ్యాసం చివర ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు కూడా ఇలాంటి క్రెడిట్ ఇవ్వాలని అడిగారు. ఆదాయపు పన్ను మన రాజ్యాంగం ప్రకారం కేంద్ర జాబితాలోది. రాష్ట్రం వసూలు చేయని పన్నులో రాష్ట్రం తగ్గింపు ఇవ్వలేదు. అక్కడి ప్రభుత్వాలు చేయగలిగింది తమ వాటా జీఎస్టీ తిరిగి ఇవ్వడం, పరికరాలకు రాయితీ ఇవ్వడం వంటివి. కేంద్రం మాత్రం ఆదాయపు పన్ను చట్టం 35(2ఏబీ) సెక్షన్ కింద కంపెనీల సొంత పరిశోధన ఖర్చుకు ఒకప్పుడు 200 శాతం తగ్గింపు ఇచ్చేది, అంటే ఖర్చుకు రెట్టింపు మొత్తాన్ని ఆదాయంలోంచి తీసేసుకోనిచ్చేది. 2017 ఏప్రిల్ నుంచి 150 శాతం, 2020 ఏప్రిల్ నుంచి 100 శాతం. అంటే అదనపు ప్రోత్సాహం పోయింది. హైదరాబాద్ మందుల కంపెనీలు దాన్ని బాగా వాడుకున్న కాలం నాకు గుర్తుంది. అడగవలసింది ఢిల్లీని, అది గట్టిగా అడగాలని నా అభిప్రాయం కూడా.

మీ పత్రికకు ఒక విన్నపం. ప్రవాస పేజీలో వీసా తేదీలు క్రమం తప్పకుండా వేస్తున్నారు. అలాగే రాష్ట్రాలవారీగా ఈ క్రెడిట్ల దరఖాస్తు గడువులు ఏడాదికి రెండుసార్లు, మే నెలలో ఒకసారి, ఆగస్టులో ఒకసారి వేయండి. న్యూజెర్సీ, వర్జీనియా గడువులకు ముందే అవి పాఠకులకు అందుతాయి, పెన్సిల్వేనియా వాళ్లకు శరదృతువంతా సమయం ఉంటుంది. వేసే ముందు ఆయా రాష్ట్రాల రెవెన్యూ శాఖల ప్రకటనలతో సరిచూడండి, ఎందుకంటే రేట్లూ తేదీలూ శాసనసభలు మారుస్తూనే ఉంటాయి. సరిచూసే పనికి నా సమయం ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాను.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు
మాంట్‌గోమరీ కౌంటీ, పెన్సిల్వేనియా